గుండ్లకమ్మ ఒడ్డు గుడిలో రేకు బొమ్మ

మా అమ్మమ్మగారి ఊరి గుడిలో ఒక బొమ్మ ఉంది. మంచి కాపరి బొమ్మ. యేసు ప్రభువు గొర్రెపిల్లని చంకలో ఎత్తుకుని నిలబడి ఉంటాడు, తల్లి గొర్రె పక్కనే నిలబడి తలెత్తి ఆయన వంక చూస్తుంటుంది. కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో ‘యోహాను ౧౦:౧౧’ అని తెలుగు అంకెల్లో రాసి ఉంటుంది. అంతే. సంతకం లేదు, తారీఖు లేదు, ఎవరు ఇచ్చారన్న మాటా లేదు.

ఆ ఊరు ప్రకాశం జిల్లాలో, మద్దిపాడు దాటి గుండ్లకమ్మ వెంబడి పైకి పోతే వస్తుంది. ఊరంటే ఊరు కాదు, ఊరికి పక్కనున్న పల్లె. మా వైపు పెద్దవాళ్ళు చర్చి అనరు, గుడి అంటారు. ‘గుడికి పోయొచ్చా’, ‘గుడి గంట కొట్టారు’ అనే మాటలే నా చెవుల్లో ఉన్నాయి. ఎండాకాలం సెలవులు, క్రిస్మస్ సెలవులు అన్నీ అక్కడే గడిచాయి. ఈ బొమ్మ గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. దాని కథ తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, పోయినసారి వెళ్ళినప్పుడు ఆ సంగతి గట్టిగా తగిలింది.

మా చిన్నప్పుడు గుడి అంటే మట్టి గోడలు, పైన నాటు పెంకు. లోపల పేడతో అలికిన నేల. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చునేవాళ్ళు. పిల్లలమంతా ముందు, అయ్యగారి, అంటే పాస్టరుగారి, బల్ల దగ్గర. బల్ల వెనక గోడకి రెండు మేకుల మీద ఈ బొమ్మ. పెద్ద ప్రార్థన మొదలైందంటే అయ్యగారు ఊరందరి పేర్లూ, జబ్బులూ, అప్పులూ, పరీక్షలూ ప్రభువుకి విన్నవించేవరకు లేవడానికి లేదు. కళ్ళు మూసుకోవాలి. మేం మూసుకునేవాళ్ళం కాదు. ఎదురుగా బొమ్మే కదా, ఆ మందలో గొర్రెల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళం. వెనకాల దుమ్ములో సగం కనిపించే తలని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని గుసగుసగా తగువులు కూడా పడేవాళ్ళం. అలా చూసి చూసి ఆ బొమ్మలో ప్రతి అంగుళం నాకు కంఠతా వచ్చేసింది.

బొమ్మ కాగితం మీద లేదు, గుడ్డ మీద లేదు. రేకు మీద ఉంది. పొడవు మూడడుగులు ఉంటుంది, ఎత్తు అడుగు మీద కొంచెం. ప్రభువు బొమ్మ అంటే నిలువుగా ఉండాలి కదా, ఇది అడ్డంగా ఎందుకుందని చిన్నప్పుడు ఎవరూ అడగలేదు. నేను కాలేజీలో చదివేటప్పుడు ఒక క్రిస్మస్‌కి గోడలకి సున్నం వేయడానికి బొమ్మని దించారు. వెనక్కి తిప్పి చూస్తే విషయం అర్థమైంది. అది కిరసనాయిలు డబ్బా. మూతా అడుగూ కోసేసి, ఒక అంచు దగ్గర కత్తిరించి, నాలుగు పలకల్నీ విప్పి పరిచిన రేకు. పాతకాలం నాలుగు గ్యాలన్ల డబ్బా ఒక్కో పలక తొమ్మిది అంగుళాల పైన ఉంటుంది, నాలుగు కలిస్తే ఆ మూడడుగులు. వెనక తుప్పు కింద బర్మా షెల్ కంపెనీ పేరు తాలూకు ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా చేతికి తగులుతాయి.

డబ్బా విప్పితే మడతలు పడిన చోట మూడు నిలువు గీతలు ఉండిపోతాయి. ఎంత సుత్తితో కొట్టినా అవి పూర్తిగా పోవు. బొమ్మ వేసినాయన వాటిని దాచాలని చూడలేదు. మొదటి గీత మీద తాటిచెట్టు మాను వేశాడు. రెండో గీత మీద కాపరి చేతిలో కర్ర నిలబెట్టాడు. మూడో గీత మీద తుమ్మచెట్టు. గీత ఎక్కడుందో అక్కడ నిలువుగా ఉండే వస్తువేదో ఒకటి వచ్చేట్టు మందనంతా సర్దాడు. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే ఆ మూడూ కొంచెం లేచి కనిపించేవి, కాపరి కర్ర నిజంగా చేతిలో ఉన్నట్టే ఉండేది. ఈ ఒక్క పని చాలు, ఆయన ఎవరైనా సరే, చేతిలో పనీ బుర్రలో ఆలోచనా ఉన్న మనిషని చెప్పడానికి.

అసలు ఈ బొమ్మకి మూలం ఏదో నేను తర్వాత పట్టుకున్నాను. జర్మనీలో బెర్న్‌హార్డ్ ప్లాక్‌హార్స్ట్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. 1825లో పుట్టి 1907లో పోయాడు. ఆయన వేసిన మంచి కాపరి బొమ్మ అచ్చులో ప్రపంచమంతా తిరిగింది. సండే స్కూలు కార్డుల మీద, కేలండర్ల మీద, బైబిళ్ళలో పెట్టుకునే చీటీల మీద మీరు కూడా చూసే ఉంటారు: చంకలో పిల్ల, చేతిలో కర్ర, పక్కన తలెత్తి చూసే తల్లి గొర్రె, వెనక మంద. మా గుడి బొమ్మలో నిలబడిన తీరు అదే, అంగీ మడతలు అవే, తల చుట్టూ వెలుగు కూడా ఉంది. అంటే బొమ్మ వేసినాయన ముందు అలాంటి కార్డు ఒకటి ఉంది. అందులో వింత లేదు. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషన్ వాళ్ళకి అమెరికాలోని సండే స్కూళ్ళ నుంచి రంగు కార్డులు వచ్చేవి. బైబిలు స్త్రీలు, అంటే ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఆడవాళ్ళు, వాటిని పల్లెల్లో పిల్లలకి పంచేవాళ్ళు. మా అమ్మమ్మ పెట్టెలో కూడా అలాంటివి ఉండేవి, అంచులు మాసిపోయి, వెనక తెలుగు వాక్యం అంటించి.

కానీ కార్డులో ఉన్నట్టు ఆయన వేయలేదు. నేను ఇంత రాయడానికి కారణం అదే.

జర్మనీ బొమ్మలో గొర్రెలకి ఒళ్ళంతా గుబురుగా ఉన్ని ఉంటుంది. మా బొమ్మలో గొర్రెకి ఉన్ని లేదు. నెల్లూరు గొర్రెని దగ్గరగా చూడనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మన దేశంలో గొర్రె జాతులన్నింటిలోకీ ఎత్తైనది ఇదే. ఒంటి మీద పొట్టి వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు, అందుకే బయటివాళ్ళు దూరం నుంచి చూసి మేక అనుకుంటారు. పొడుగు కాళ్ళు, సన్నని మొహం, కిందికి వేలాడే చెవులు. పొట్టేలుకి కొమ్ములుంటాయి, ఆడగొర్రెకి ఉండవు. చాలావాటికి మెడ కింద రెండు చిన్న లోలాకులు వేలాడుతుంటాయి. రంగుని బట్టి పేర్లున్నాయి: తెల్లగా ఉంటే పల్ల, ఒళ్ళంతా గోధుమ రంగైతే దొర, తెలుపు మీద మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ, కింది దవడ మీద నలుపు ఉంటే జోడిపి.

గుడి బొమ్మలో తల్లి గొర్రె జోడిపి. చంకలో పిల్ల కూడా జోడిపే. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు, మూతి చుట్టూ నలుపు, కింది దవడ మీద ఒక మచ్చ. మెడ కింద లోలాకులు రెండూ ఉన్నాయి, ఒకటి ముందుకి, ఒకటి కొంచెం వెనక్కి ఊగుతూ. వెనక మందలో పల్లలున్నాయి, రెండు దొరలున్నాయి, మెలి తిరిగిన కొమ్ముల పొట్టేలు ఒకటి పక్కకి తిరిగి ఇంకోదాన్ని పొడవబోతోంది. పిల్ల వెనక కాళ్ళు కాపరి మోచేతి కిందికి వేలాడుతుంటాయి. అంత పొడుగు కాళ్ళు చంకలో ఇమడవు మరి. మా వైపు మనుషులు ఈనిన పిల్లని చేలో నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు అచ్చం అలాగే పట్టుకుంటారు, అరచెయ్యి రొమ్ము కింద పెట్టి, ముందు కాళ్ళు రెండూ వేళ్ళ మధ్య ఇరికించి. కార్డు చూసి వేస్తే ఆ వేళ్ళు రావు.

కాపరి చేతిలో కర్ర కూడా కార్డులోది కాదు. చివర చిన్న కొడవలి కట్టిన దోటి. తుమ్మకాయలు దులపడానికి, వేపరొట్ట కోయడానికి కాపర్లు భుజాన వేసుకు తిరిగేది. తెల్ల అంగీ మీద ఎడమ భుజాన మడిచి వేసిన నల్ల గొంగళి. మొహం మాత్రం కార్డులో మొహమే, తెల్లగా, గోధుమ గడ్డంతో. చేతులూ కాళ్ళూ మాత్రం మన రంగు. దీపం పొగకి నల్లబడ్డాయని మా అమ్మ అనేది. కాదు, రంగు ఊడిన అంచు దగ్గర చూస్తే లోపలి పూత కూడా చామనఛాయే. ఆ కాళ్ళకి చెప్పులు లేవు. కుడి మడమ మీద సన్నటి గీతలు మూడో నాలుగో ఉన్నాయి. అవి రంగు పగుళ్ళు కాదు, కుంచెతో వేసిన మడమ పగుళ్ళు. వేసవిలో రేగడి నేల మీద వట్టి కాళ్ళతో తిరిగిన మనిషి మడమ అది.

ఎవరు వేశారు? ఊళ్ళో మూడు మాటలున్నాయి.

అమెరికా దొరసాని తెచ్చి ఇచ్చిందనేది మొదటి మాట. మగవాళ్ళలో ఎక్కువమంది ఇదే చెప్పేవాళ్ళు. సంఘానికి ఒక గౌరవంగా ఉంటుందని కాబోలు. కిరసనాయిలు డబ్బా మీద ఇంత వివరంగా జోడిపి గొర్రెని వేసే దొరసాని ఉంటుందని నేను నమ్మను.

రామాయపట్నం సెమినరీలో చదువుకున్న కుర్రాడెవరో వేశాడనేది రెండో మాట. కొంత నమ్మొచ్చు. సముద్రం ఒడ్డున ఆ సెమినరీ 1870ల్లోనే మొదలైంది. మన పల్లెల నుంచి వెళ్ళిన వాళ్ళు అక్కడ చదివి, ఉపదేశకులుగానూ పల్లె బడుల్లో పంతుళ్ళుగానూ తిరిగొచ్చారు. చక్కటి దస్తూరీ, బొమ్మలు గీసే చెయ్యి ఉన్నవాళ్ళు వాళ్ళలో ఉండే ఉంటారు. ‘యోహాను’ అన్న అక్షరాల పొందిక చూస్తే బడి చెప్పిన చెయ్యే అనిపిస్తుంది.

మూడోది మా అమ్మమ్మ వాళ్ళ అత్తగారు చెప్పింది. బండ్లకి రంగులేసే మనిషి ఒకడు వానాకాలంలో వచ్చి, గుండ్లకమ్మ పొంగి దారి తెగిపోతే కొన్నాళ్ళు గుడిలోనే తలదాచుకున్నాడట. పల్లెవాళ్ళు వంతులేసుకుని బువ్వ పెట్టారట. వెళ్ళేముందు బొమ్మ వేసి ఇచ్చాడట. రంగు చూస్తే ఈ మాటకీ బలముంది. కింద వేసిన ఎర్ర అస్తరు, ఆ మీద దట్టమైన నూనె రంగు, ఆ చిక్కటి నీలం, ఆ పసుపు, మన వైపు ఎద్దుబండ్ల చక్రాల మీదా కాడి మీదా కనిపించేవే.

కాలం మాత్రం కొంచెం ఇరుకుగా పట్టుకోవచ్చు. బర్మా షెల్ కంపెనీ మన దేశంలో ఏర్పడింది 1928లో. అంతకుముందు ఆ పేరుతో డబ్బా ఉండదు. మా అమ్మమ్మ కాపురానికి వచ్చింది క్విట్ ఇండియా ఏడాది, 1942. ‘నేను వచ్చేసరికే గోడ మీద ఉందమ్మా, మా అత్త రోజూ దానికింద దీపం పెట్టేది’ అనేది. అంటే మధ్యలో ఆ పద్నాలుగేళ్ళలో ఎప్పుడో. అప్పటికి మా ఊరు గుంటూరు జిల్లా కింద ఉండేది. 1904కి ముందు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. బొమ్మ కదలకుండానే జిల్లాలు మారాయి.

ఆ మూడు మాటల్లో ఏది నిజమైనా, నాకు ఒకటి మాత్రం ఖాయంగా అనిపిస్తుంది. ఆయన చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడు. ఊరికే పక్కనుంచి చూసినవాడు కాదు, కాసినవాడు. మా పల్లెలో మగపిల్లలు దాదాపు అందరూ అప్పట్లో ఎవరో ఒకరి మంద కాసినవాళ్ళే. మంద సొంతం కాదు. ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగళి, రెండు పూటలా బువ్వ. మా తాతయ్య కూడా బడి ఈడులో ఉండగా అలా జీతానికి ఉన్నాడు. చేలల్లో మంద కట్టిన రాత్రులు అక్కడే పడుకునేవాడట. ఎరువు కోసం రైతులు ఒక్కో రాత్రి ఒక్కో చేలో మందని కట్టించుకునేవాళ్ళు. కొండల వైపు నుంచి తోడేళ్ళు వచ్చే కాలం అది.

తాతయ్యకి ఆ బొమ్మ కింద రాసిన వాక్యంతో ఒక పేచీ ఉండేది. మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడన్న మాట దాకా బాగానే ఉంటుంది. దాని తర్వాతి వచనమే జీతగాడి గురించి. తోడేలు రాగానే జీతగాడు గొర్రెల్ని వదిలి పారిపోతాడని. ఆ అధ్యాయం చదివిన ఆదివారం మధ్యాహ్నం తాతయ్య అన్నం దగ్గర కూర్చుని, ‘నేను పారిపోలా’ అనేవాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు. అన్నం కలుపుకుంటూ అనేవాడు. ఒక రాత్రి తోడేలు పిల్లని నోట కరుచుకుంటే దోటి పట్టుకుని వెంటపడ్డాడట, పిల్లని విడిపించాడట, పిక్క మీద గాటు పడింది. ఆ మచ్చ మేమంతా చూశాం. ‘జీతగాడు పారిపోతాడని రాసినాయనకి ఈ బొమ్మేసినాయన జవాబు చెప్పాడు, చూడు’ అని నాకు బొమ్మలో కాపరి పిక్క చూపించాడు ఒకసారి. అంగీ అంచు కింద, పాదానికి పైన, ఒక వంకర గీత ఉంది. గాటే. దాన్ని ఆయన ఎవరి పిక్క చూసి వేశాడో! ప్రభువుకి అరచేతుల్లో గాయాలున్నట్టు అందరూ వేస్తారు. పిక్క మీద గాటు వేసినవాడు ఈయన ఒక్కడే అయ్యుంటాడు. తాతయ్య ఆ బొమ్మని అంతగా ఎందుకు చూసేవాడో నాకు ఆ రోజు అర్థమైంది.

మా వాళ్ళ క్రైస్తవ్యం కరువులోంచి వచ్చింది. 1876 నుంచి 78 దాకా పడిన కరువులో జనం ఆకులూ దుంపలూ తిని బతికారు. ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూడు కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు పనులు జరిగినన్నాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. మా తాతయ్య వాళ్ళ తాత ఆ గుంపులో ఉన్నాడని ఇంట్లో గర్వంగా చెప్పుకుంటారు. బొమ్మలో కుడి వైపు సన్నగా పారే ఏరు, ఇసుక తిన్నె, అవతల ఒడ్డున తాళ్ళు, అదంతా గుండ్లకమ్మే. మంద నీళ్ళ వైపు దిగుతోంది.

ఇక మేక సంగతి.

మూడో గీత మీద తుమ్మచెట్టు అన్నాను కదా. ఆ మానుకి ముందు కాళ్ళు ఆనించి ఒక నల్ల మేక రెమ్మ అందుకుంటూ ఉంటుంది. నా చిన్నతనంలో ఉజ్జీవ కూటాలకి, అంటే భక్తిని మేల్కొలిపే రాత్రి సభలకి, పొరుగూరి నుంచి ఒక బోధకుడు వచ్చాడు. రెండో రాత్రి పెట్రోమాక్స్ వెలుగులో బొమ్మని తేరిపార చూసి, ప్రసంగం ఆపి, ఇది వాక్యవిరుద్ధమన్నాడు. మత్తయి ఇరవై అయిదులో ప్రభువు గొర్రెల్ని కుడివైపూ మేకల్ని ఎడమవైపూ నిలబెడతాడు, మేకలు నరకానికి పోతాయి, మంచి కాపరి బొమ్మలో మేకేంటి, దాని మీద రంగు వేసి చెరిపేయండి అన్నాడు. సంఘ పెద్దలు తలలూపారు. మర్నాడు పొద్దున్నే పెయింటు డబ్బా కూడా వచ్చేసింది.

అప్పుడు గుడి ఊడ్చే ముసలమ్మ ఒకామె ఉండేది. మా అందరికీ పెద్దవ్వ. చదువు లేదు, కీర్తనలన్నీ నోటికి వచ్చు. చీపురు పక్కన పెట్టి బోధకుడి ముందుకొచ్చి, ‘అదేందయ్యా అయ్యగారూ, మేక లేకుండా మంద యాడన్నా ఉంటదా? గొర్రె తలొంచుకుని నిలబడిపోద్ది. మేక ముందు నడిస్తేనే అయ్యి కదిలేది. మేకని చెరిపేస్తే ఈ మందని ఏటికాడికి ఎవరు తోలకపోతారు?’ అంది. మా మామయ్య వాళ్ళూ, గొర్రెలు కాసిన ముసలివాళ్ళూ నిజమే కదా అన్నారు. మా వైపు ఏ మందలోనైనా నాలుగు మేకలుంటాయి, అందుకే ఉంటాయి. బోధకుడు కాసేపు నిలబడి, పెద్దవ్వ చెయ్యి పట్టుకుని, సరే అమ్మా ఉండనీయండి అన్నాడు. అలా అన్నందుకు ఆయనంటే నాకు గౌరవం. ఆ పెయింటుతో గుడి కిటికీలకి వేశారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో రోములో ప్రిసిల్లా సమాధి గుహల గోడ మీద ఉన్న మంచి కాపరి బొమ్మ చూశాను. మూడో శతాబ్దంది. క్రైస్తవులు వేసుకున్న బాగా పాత బొమ్మల్లో ఒకటి. అందులో కాపరికి గడ్డం లేదు, పొట్టి అంగీ, వట్టి పల్లెటూరి కుర్రాడు. భుజాల మీద ఎత్తుకున్నది గొర్రెని కాదు, మేకని. దాన్ని వేసినవాడి పేరు కూడా లేదు. పెద్దవ్వకి చూపించాలనిపించింది, అప్పటికే ఆమె లేదు.

మా బొమ్మ వేసిన కాలంలోనే గోవాకి చెందిన ఆంజెలో ద ఫొన్సెకా శాంతినికేతన్‌లో నేర్చుకుని వచ్చి మరియమ్మకి చీర కట్టి బొమ్మలు వేశాడు. సొంత ఊరివాళ్ళే తప్పుబట్టారు. ఆయన పేరు ఇప్పుడు పుస్తకాల్లో ఉంది, బొమ్మలు మ్యూజియంలో ఉన్నాయి, ఉండాల్సిందే. మా పల్లె చిత్రకారుడికి శాంతినికేతన్ లేదు. అంగీ మార్చే ధైర్యం చేయలేదు, మొహం మార్చే ధైర్యమూ చేయలేదు. గొర్రెల్ని మార్చాడు, కర్ర మార్చాడు, మడమ మార్చాడు. మార్చాడని కూడా ఆయన అనుకుని ఉండడని నా ఊహ. కాపరి అనగానే ఆయన కళ్ళముందు కనిపించింది అదే.

బొమ్మ ఇప్పుడు మునుపటంత బాగా లేదు. అందులో మా ప్రేమ తప్పు కూడా ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ దించి, తడిగుడ్డతో తుడిచి, మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవాళ్ళు. నూనె మీద దీపం పొగ పట్టుకుని ఆకాశమంతా గోధుమ రంగుకి తిరిగింది. తడి మడతల్లోకి పోయి తుప్పు లేచింది. జబ్బు చేసినవాళ్ళు ప్రార్థన అయ్యాక ముందుకొచ్చి గొర్రెపిల్లని తాకేవాళ్ళు, అక్కడ రంగు పలచబడి రేకు కనిపిస్తుంది. పిల్ల వీపు మీద ఆ చోటుని మాత్రం నేను పాడైందని అనలేను.

తర్వాత పాత గుడి పడగొట్టి స్లాబు వేశారు. టైల్స్, ఫ్యాన్లు, మైకు అన్నీ వచ్చాయి. అందరూ చందాలేసుకుని కట్టుకున్నారు, కోత పండగ వేలంలో గుమ్మడికాయని వందల రూపాయలకి పాడుకుని మరీ కట్టుకున్నారు, సంతోషమే. బల్ల వెనక గోడకి ఫ్లెక్సీ వచ్చింది. దాని పక్కన అద్దం కట్టిన ప్రభువు తల బొమ్మ, 1940లో చికాగోలో వార్నర్ సాల్‌మన్ వేసింది, కోట్ల ప్రతులు అచ్చయిన బొమ్మ. ఇళ్ళన్నిట్లో ఉన్నదే గుడిలోకీ వచ్చింది. రేకు బొమ్మ సామాను గదిలోకి పోయింది, చాపల కట్టల వెనక్కి. మామయ్య ఒక్కడే అప్పుడప్పుడూ వెళ్ళి గోడకి ఆనకుండా చూసి వచ్చేవాడు.

పోయిన ఏడాది సంఘంలో దాని మీద మాట వచ్చింది. కుర్రవాళ్ళు ఒంగోలు నుంచి ఆర్టిస్టుని పిలిపించి మళ్ళీ కొత్తగా రంగులు వేయిద్దామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పైన రంగు వేస్తే జోడిపి మచ్చ పోతుంది, పిక్క మీద గాటు పోతుంది, మడమ పగుళ్ళు పోతాయి. మిగిలేది కార్డు. వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఇప్పుడు ఇక్కడ రాసినవన్నీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. సొంతంగా మంద ఉన్న కుర్రాడొకడు లోలాకుల దగ్గర ఆగిపోయి, ‘ఇది మా గొర్రే కదా’ అన్నాడు. ఆ తర్వాత నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. రంగులు వేసే మాట వదిలేశారు. నూనె రాయడం ఆపేశారు. వెనక గాలి ఆడేట్టు చెక్క ఫ్రేము కట్టించి, వాన జల్లు పడని లోపలి గోడకి, పిల్లలు కూర్చునే వైపు తగిలించారు. ఊడిపోయేట్టున్న పెచ్చుల్ని ఏం చేయాలో పాత బొమ్మలు బాగుచేసే పని తెలిసినవాళ్ళనే అడిగి చేయాలని తీర్మానించారు.

కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు, కావలి వైపు పాత పల్లె గుళ్ళున్నవాళ్ళకి ఒక మనవి. మీ గుడి సామాను గదిలోనో, పాత పంతులుగారి ఇంట్లోనో రేకు మీదో చెక్క మీదో వేసిన బొమ్మ ఉంటే, స్లాబు పని మొదలుపెట్టే ముందు ఒకసారి బయటికి తీసి చూడండి. నీళ్ళతో కడగొద్దు, నూనె రాయొద్దు. ముందూ వెనకా ఫోటో తీయండి. గొర్రె చెవులు ఎలా ఉన్నాయో, మెడ కింద లోలాకులున్నాయో లేదో, మడమలు ఎలా వేశారో చూడండి. మా ఏరు దాటి ఇంకో ఊరికి కూడా ఆయన వెళ్ళి ఉండొచ్చు. అక్కడి ముసలివాళ్ళకి ఆయన పేరు గుర్తుండి ఉండొచ్చు. వాళ్ళు ఉండగానే అడగండి.